ఖాట్మండు దాటి పైకి వెళుతున్నారా?

మిరప కల్లాలు ఎత్తి, సరుకు గుంటూరు యార్డుకో కోల్డు స్టోరేజీకో చేరిందంటే మా అద్దంకి ప్రాంతంలో తీర్థయాత్రల మాటలు మొదలవుతాయి. కాశీ, గయ చూసినవాళ్లు ఇప్పుడు ఖాట్మండు వెళ్లి పశుపతినాథుణ్ణి, అక్కడినుంచి ఇంకా పైకి వెళ్లి ముక్తినాథుణ్ణి దర్శించి వస్తున్నారు. బయల్దేరేముందు కొందరు ఆస్పత్రికి వచ్చి, "డాక్టరుగారూ, చలికీ విరేచనాలకూ నాలుగు మాత్రలు రాసివ్వండి" అంటారు. రాసిస్తాను. కాని అసలు అడగవలసిన సంగతి వేరే వుంది.

ఖాట్మండు సముద్ర మట్టానికి సుమారు 1,400 మీటర్ల ఎత్తులో వుంది. మన వాళ్లు చూసి వచ్చే వూటీ అంతకంటె ఎత్తు. కాబట్టి నగరంలో ఎవరికీ ఏమీ కాదు. ఆ ధీమాతోనే పైకి బయల్దేరుతారు. ముక్తినాథ్ 3,700 మీటర్లు దాటి వుంది. దారిలో వున్న పోఖరా చూస్తే 800 మీటర్లు పైచిలుకు మాత్రమే. అక్కడ పొద్దున్నే చిన్న విమానం ఎక్కితే ఇరవై నిమిషాల్లో 2,700 మీటర్ల ఎత్తున వున్న జోమ్‌సోమ్‌లో దింపుతుంది. అక్కడ జీపెక్కితే మధ్యాహ్నం లోపల గుడి! ఒక్క పూటలో దాదాపు 2,900 మీటర్లు ఎక్కేశారన్నమాట. మీరు ఎక్కారు గాని, మీ వొంటికి ఆ సంగతి యింకా తెలియదు.

గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడయినా నూటికి యిరవయ్యొకటే. పైకి పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ముక్తినాథ్‌లో ఒక్కొక్క శ్వాసకు మీకు అందేది, అద్దంకిలో అందేదానిలో మూడింట రెండు వంతులకంటె కాస్త తక్కువే. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కరు లేకపోతే అన్నం పలుకుగానే వుంటుంది. అన్నం సంగతి సరే, వొంటికి కూడా అలవాటు పడేందుకు రోజులు కావాలి, గంటలు చాలవు.

అలవాటు పడకపోతే ఏమవుతుంది? మొదట తలనొప్పి. దానితోబాటు వికారం, ఆకలి లేకపోవటం, కళ్లు తిరగటం, నిస్త్రాణ. చాలామంది దీన్ని ప్రయాణపు బడలిక అనుకుంటారు. 2,500 మీటర్లు దాటిన తరువాత వచ్చే తలనొప్పిని, వేరే కారణం రుజువయ్యేదాకా, ఎత్తువల్ల వచ్చిందనే అనుకోండి. ముదిరితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది: కూర్చున్నా ఆయాసం, దగ్గు, పెదవులు నీలంగా మారటం. లేదా మెదడు వాస్తుంది: తూలుతూ నడవటం, పొంతన లేని మాటలు. అనుమానం వస్తే ఒక కాలి వేళ్లకు రెండో కాలి మడమ ఆనిస్తూ గీత మీద నడవమనండి. తూలితే యిక ఆలోచన వద్దు. అర్ధరాత్రయినా కిందికి దించాలి. జోమ్‌సోమ్ వెయ్యి మీటర్లు దిగువనే వుంది. ఆక్సిజన్ దొరికితే పెట్టండి గాని, అది పెట్టాం కదా అని దించటం మానుకోవద్దు.

"మాకేం డాక్టరుగారూ, సింగరకొండ గబగబా ఎక్కుతాం, మిర్చి బస్తాలు మోస్తాం" అంటారు. యీ జబ్బుకు కండబలం అడ్డు కాదు. బలమున్నవాడు తొందరగా ఎక్కి తొందరగా పడిపోతాడు, అంతే తేడా.

నన్ను కలవరపెట్టేది యింకొకటి వుంది. మన పెద్దవాళ్లు తలనొప్పి వచ్చినా నోరు విప్పరు. బస్సులో నలభైమంది మనకోసం ఆగాలా అని మొహమాటం, యింత దూరం వచ్చి దర్శనం కాకుండా పోతుందేమోనని భయం. అందుకే అమ్మనో నాన్ననో పంపించే పిల్లలకు చెబుతున్నాను: "బాగున్నావా?" అని ఫోనులో అడిగితే "బాగున్నాను" అనే అంటారు. "తలనొప్పి వుందా? రాత్రి అన్నం తిన్నావా?" అని అడగండి.

యాత్ర ఏర్పాటు చేసేవాళ్లతో ముందే మాట్లాడి జోమ్‌సోమ్‌లో కనీసం ఒక రాత్రి వుండేలా చూసుకోండి. మర్నాడు దర్శనం చేసుకుని, పడుకోవటానికి మళ్లీ కిందికి రండి. గుడి దగ్గర రాణిపౌవాలో మొదటి రాత్రి వుండొద్దు. ఎసిటజోలమైడ్ అనే మాత్ర ముందురోజునుంచి వేసుకుంటే కొంత రక్షణ. సల్ఫా మందులు పడనివాళ్లు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు వుంటారు గనుక డాక్టరు చూసి యివ్వవలసిందే. కర్పూరం వాసన చూస్తే ఊపిరి ఆడుతుందన్నది వట్టి నమ్మకం. నోట్లో వేసుకుంటే మూర్ఛ రావచ్చు. బ్రాందీ, నిద్రమాత్రలు అసలే వద్దు.

అక్కడ నూట ఎనిమిది ధారల కింద స్నానం చేయాలని అందరికీ వుంటుంది. మంచులాంటి నీళ్లు ఒక్కసారి మీద పడితే రక్తపు పోటు ఎగబాకుతుంది. బి.పి., గుండెజబ్బు వున్నవాళ్లు తలమీద చల్లుకోండి చాలు. షుగరు వున్నవాళ్లు దర్శనం దాకా పస్తుండి మాత్ర వేసుకుంటే పడిపోతారు. చుట్టలు కాల్చి ఊపిరితిత్తులు చెడినవాళ్లు, యీమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు పశుపతినాథుడితో తృప్తి పడాలని నా సలహా.

నగరంలో మాత్రం జాగ్రత్తలు వేరు. ఖాట్మండు చుట్టూ కొండలే కావటంతో చలికాలంలోనూ, వానలకు ముందు ఎండినప్పుడూ పొగ కదలక నిలిచిపోతుంది. ఉబ్బసం వున్నవాళ్లు మాస్కు, పీల్చే మందు చేతిలో వుంచుకోవాలి. 2022 జూన్‌లో పక్కనే వున్న లలిత్‌పూర్‌లో కలరా కనబడి పానీపూరి అమ్మకాలు ఆపించారు. కాచిన నీళ్లో, సీలున్న సీసాయో తప్ప ముట్టవద్దు. పశుపతి, స్వయంభూ గుళ్ల దగ్గర కోతులున్నాయి. కరిచినా గీరినా పావుగంట సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టండి. నగరంలోనే టేకులో అంటువ్యాధుల ప్రభుత్వాసుపత్రి వుంది. ఇంటికి వచ్చాక చూద్దాం అనుకోవద్దు.

తిరిగి వచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం తగిలితే, నేపాల్ వెళ్లొచ్చామని డాక్టరుతో మొదటే చెప్పండి, టైఫాయిడ్ కోసం చూస్తారు. కలుషిత నీటి కామెర్లయితే ఆరు వారాల తరువాత కూడా బయటపడవచ్చు. గర్భిణులకు అవి మరీ ప్రమాదం.