బార్‌కోడ్ 890తో మొదలైతే ఇండియాలో తయారైనట్టేనా? లేబుల్‌పై అసలు చూడాల్సింది ఇదీ!

'బార్‌కోడ్ 890తో మొదలైతే మన దేశంలో చేసిన వస్తువు.. 690 నుంచి 699 అయితే చైనా సరుకు..' ఈ వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. చాలామంది షాపులో ప్యాకెట్ తిప్పి ఆ అంకెలే చూస్తుంటారు. కానీ అది కరెక్ట్ కాదు.

ఆ మూడు అంకెలు చెప్పేది ఒక్కటే.. కంపెనీ ఏ దేశంలోని జీఎస్1 సంస్థ దగ్గర నంబర్ తీసుకుందో. ఇక్కడి కంపెనీ చైనాలో చేయించి తెచ్చిన వస్తువు మీద కూడా 890 ఉండొచ్చు.

మరి ఏం చూడాలి?

'కంట్రీ ఆఫ్ ఆరిజిన్' అనే లైన్ చూడాలి. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం దిగుమతి వస్తువుల ప్యాక్ మీద అది ఏ దేశానిదో, ఎక్కడ తయారైందో లేదా ఎక్కడ అసెంబుల్ అయిందో రాయాల్సిందే. దిగుమతి చేసుకున్న వాళ్ల పేరు, అడ్రస్ కూడా ఉండాలి. ఆన్‌లైన్‌లో కొంటే ఈ వివరం ప్రొడక్ట్ పేజీలోనే కనిపించాలి. ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ 'జెమ్' 2020 జూన్‌లో దీన్ని తప్పనిసరి చేసింది.

అసలు చిక్కు ఎక్కడంటే..

'తయారీ' వేరు, 'అసెంబ్లీ' వేరు. విడిభాగాలన్నీ బయటి నుంచి తెచ్చి ఇక్కడ బిగించిన ఫోన్‌నూ, స్క్రూ నుంచి అట్టపెట్టె దాకా ఇక్కడే చేసిన ఫ్యాన్‌నూ ఒకే గాటన కట్టలేం కదా! స్విట్జర్లాండ్‌లో వాచీపై 'స్విస్ మేడ్' అని వేయాలంటే తయారీ ఖర్చులో కనీసం 60 శాతం అక్కడే జరగాలి. అమెరికాలో 'మేడ్ ఇన్ యూఎస్ఏ' అనాలంటే దాదాపు మొత్తం వస్తువు అక్కడిదే కావాలి.

మన దగ్గరా ప్రభుత్వ కొనుగోళ్లలో ఇలాంటి లెక్క ఉంది. సాధారణంగా 50 శాతం, ఆపైన స్థానిక వాటా ఉంటే 'క్లాస్-1 లోకల్ సప్లయర్'. కానీ మనం షాపులో కొనే వస్తువు మీద ఆ శాతం కనిపించదు. దేశీ సరుకని నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి కొనేవాళ్లకి తెలియాల్సింది అదే. ఎక్కడ బిగించారు, ఇక్కడి వాటా ఎంత.. లేబుల్ ఈ రెండూ చెబితేనే దానికి అర్థం.

అప్పటిదాకా ఇవి గుర్తుపెట్టుకోండి

* 'మార్కెటెడ్ బై' అంటే అమ్మేవాళ్లు మాత్రమే. 'మాన్యుఫ్యాక్చర్డ్ బై' ఎవరో చూడండి.
* 'ఇంపోర్టెడ్ బై' అని ఉంటే దేశం పేరు ఉందో లేదో చెక్ చేయండి.
* లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు, లేబుల్ ఫొటో దగ్గర పెట్టుకోండి.