కూర్చుని లెక్క చూసుకునే సైనికుడు

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని యేసుప్రభువు చెప్పిన ఉపమానం మనందరికీ తెలుసు. ఆ వెంటనే ఆయన చెప్పిన రెండో ఉపమానాన్ని మాత్రం మనం అంతగా పట్టించుకోము. పదివేలమంది సైన్యమున్న రాజు, ఇరవై వేలమందితో ఎదురొస్తున్న రాజుకు తాను చాలగలడా అని ముందే ఆలోచించుకుంటాడు (లూకా 14:28-32). ఒకటి కట్టేవాడి లెక్క, రెండోది యుద్ధానికి వెళ్లేవాడి లెక్క. సైన్యం విడిచి కొత్త జీవితం కట్టుకోబోయే మన బిడ్డలకు ఈ రెండు లెక్కలూ ఒకేసారి అవసరమవుతాయి.

షార్ట్ సర్వీస్ కమిషన్‌లో చేరిన అధికారి పదేళ్లు, పొడిగిస్తే పద్నాలుగేళ్లు సేవచేసి ముప్పై అయిదేళ్లకు అటూ ఇటూగా బయటికొస్తాడు. అధికారులకు పెన్షన్ రావాలంటే ఇరవై ఏళ్ల సర్వీసు ఉండాలి. అందువల్ల అతని చేతిలో మిగిలేది గ్రాట్యుటీ, కొంత పొదుపు. ఇంట్లో భార్య, బడికెళ్లే పిల్లలు ఉంటారు. వ్యాపార రంగంలోకి వెళ్దామని జీమ్యాట్ రాస్తాడు. రెండు మూడు బిజినెస్ స్కూళ్లు సీటు ఇస్తామంటాయి. డబ్బు కట్టి సీటు ఖాయం చేసుకోవడానికి గడువు కొద్దిరోజులే. అప్పుడు సంఘకాపరులమైన మా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ప్రార్థన చేయండి, దేవుని చిత్తమేదో చెప్పండి" అంటారు. ప్రార్థన తప్పక చేస్తాం. అయితే ర్యాంకుల జాబితాలో పైనున్న పేరే దేవుని చిత్తమని మాత్రం చెప్పలేం.

సైన్యంలో భుజం మీది నక్షత్రాలే మనిషి హోదా చెబుతాయి. యూనిఫాం విప్పిన రోజున అవి ఉండవు. నిన్నటిదాకా సెల్యూట్ చేసిన లోకం ఇవాళ "నీకేం పని వచ్చు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న మనసును గాయపరుస్తుంది. పోయిన నక్షత్రాల స్థానంలో ఒక పెద్ద విద్యాసంస్థ పేరు తగిలించుకోవాలని ప్రాణం తొందరపడుతుంది. ఆ తొందరలోనే చాలామంది లెక్క తప్పుతారు.

మన దేశంలో వీరి ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది ఏడాది కోర్సు. హైదరాబాద్ గచ్చిబౌలిలో 2001లో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, అహ్మదాబాద్ ఐఐఎంలో 2006లో మొదలైన పీజీపీఎక్స్ ఇలాంటివే. తోటి విద్యార్థులు కూడా ఉద్యోగానుభవం ఉన్నవారే. ఒక్క ఏడాది జీతమే పోతుంది. అయితే ఫీజు ముప్పై లక్షలు దాటుతుంది. ఏ పని చేయాలో ముందే తెలిసినవారికి, ఉదాహరణకు సరుకు రవాణా నిర్వహణలో ఆరితేరినవారికి, ఇది సరిపోతుంది.

రెండోది క్యాట్ రాసి చేరే రెండేళ్ల కోర్సు. ఇందులో తోటివారు చాలావరకు పదేళ్లు చిన్నవారు. రెండేళ్లు ఆదాయం ఉండదు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో చాలా వాటి చూపు కుర్రవాళ్ల మీదే ఉంటుంది. కానీ మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ మధ్య ఒక కంపెనీలో రెండు నెలలు పనిచేసే అవకాశం దొరుకుతుంది. సైన్యం తప్ప మరో కొలువు ఎరుగని మనిషికి ఇది చాలా విలువైనది. కొత్త పని తనకు నప్పుతుందో లేదో అందులో దిగకముందే తెలుసుకోవచ్చు. ఏడాది కోర్సుల్లో సాధారణంగా ఈ వీలుండదు.

మూడోది రక్షణశాఖ పునరావాస డైరెక్టరేట్ ద్వారా, సర్వీసు ముగిసే దశలో అధికారులు చదివే ఇరవై నాలుగు వారాల కోర్సు. కొన్ని ఐఐఎంలలో కూడా ఇది ఉంది. ఫీజులో 60 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. ఇది ఎంబీఏ కాదు. అయినా ఉద్యోగం దాదాపు కుదిరినవారికి, అప్పు చేయలేనివారికి ఇది చిన్నచూపు చూడదగినది కాదు.

అమెరికాలో పరిస్థితి వేరు. మాజీ సైనికుల చదువు కోసం అక్కడ 1944లోనే చట్టం వచ్చింది. 2009 నుండి అమలవుతున్న కొత్త చట్టం కింద అర్హులకు ముప్పై ఆరు నెలల వరకు చదువు సాయం అందుతుంది. అక్కడి సైన్యంలో పనిచేసిన తెలుగు యువకుడి లెక్క, ఇక్కడినుండి అప్పుతో వెళ్లే అధికారి లెక్క ఒకటి కావు. ఒకరిని చూసి మరొకరు నిర్ణయం తీసుకోకూడదు.

పెద్ద పేరు లేకపోతే ఎదగలేమన్న భయం కూడా వద్దు. బాబ్ మెక్‌డొనాల్డ్ అమెరికా సైన్యంలో ఉండగానే 1978లో యూటా విశ్వవిద్యాలయం నుండి ఎంబీఏ పొందారు. 1980లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో చేరి, 2009లో ఆ సంస్థకు అధిపతి అయ్యారు. మరో మాజీ సైనికాధికారి అలెక్స్ గోర్‌స్కీ ముందుగా మందుల అమ్మకం ఉద్యోగంలో చేరి, ఎనిమిదేళ్ల తర్వాత 1996లో వార్టన్ నుండి ఎంబీఏ పట్టా తీసుకున్నారు. 2012లో జాన్సన్ అండ్ జాన్సన్ పగ్గాలు చేపట్టారు. మన కెప్టెన్ గోపీనాథ్ 1971 యుద్ధంలో పాల్గొన్నారు. ఎనిమిదేళ్ల సర్వీసు తర్వాత సైన్యం విడిచి సేద్యం చేశారు. 2003లో ఎయిర్ డెక్కన్ విమానాలు నడిపారు. ముగ్గురివీ మూడు దారులు.

కాబట్టి సీటు వచ్చినవారు ముందు కాగితం, కలం తీసుకోవాలి. ముప్పై లక్షల అప్పు పదిశాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 39,600 రూపాయలు కట్టాలి. రెండో సంస్థ పది లక్షల స్కాలర్‌షిప్ ఇచ్చి, అప్పు ఇరవై లక్షలకు తగ్గితే వాయిదా 26,400. నెలకు పదమూడు వేలకు పైగా తేడా, అదీ పదేళ్లపాటు! ఆ తేడాకు తగినంతగా మొదటి సంస్థ ఏమిస్తుందో అడగాలి. సగటు జీతం ఎంతని అడిగితే చాలదు. మీ దగ్గర చదివిన సైనికాధికారులు ఎవరు, ఏ పనిలో చేరారు, ఎంతకాలం నిలిచారు అని అడగాలి. వీలైతే వారిలో ఇద్దరితో నేరుగా మాట్లాడాలి.

ఈ లెక్కలో భార్య కూర్చోవాలి. పదేళ్లుగా ఊరూరా బదిలీలు భరించింది ఆమే. ఆమె ఉద్యోగం, పిల్లల బడి, ముసలి తల్లిదండ్రుల అవసరాలు కూడా ఆ కాగితం మీదికి రావాలి. సంఘానికీ ఇందులో బాధ్యత ఉంది. ప్యాకేజీ ఎంత అని అడిగేవారు మన మధ్య చాలామంది ఉన్నారు. వ్యాపారంలో, కంపెనీల్లో ఉన్న పెద్దలు ఒక ఆదివారం సాయంత్రం ఆ కుటుంబంతో కూర్చుని తమ పని ఎలా ఉంటుందో వివరిస్తే అది గొప్ప పరిచర్య.

యోర్దాను తీరాన సైనికులు కూడా బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికొచ్చి తామేం చేయాలని అడిగారు. ఆయన వారికి పెద్ద పదవి చూపించలేదు. ఎవరినీ పీడించవద్దని, తమ జీతంతో తృప్తి పొందాలని చెప్పాడు (లూకా 3:14). కొలువు ఏదైనా దేవుడు మననుండి కోరేది ఆ నిజాయితీనే. అది ఉన్నవాడు ఏ సంస్థలో చదివినా తలెత్తుకునే బతుకుతాడు. ఉత్తరాలు చేతికొచ్చిన సోదరులారా, గడువు ముగిసేలోగా ఒక రాత్రి భార్యాభర్తలిద్దరూ కూర్చోండి. ప్రార్థించండి, లెక్క చూసుకోండి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.