బైక్ జీపీఎస్‌కి ఏ మెమరీ కార్డ్ తీసుకోవాలి?

కొత్త మ్యాప్ అప్‌డేట్ వేద్దామంటే మీ జీపీఎస్ యూనిట్‌లో స్పేస్ సరిపోవట్లేదా? అయితే మైక్రోఎస్‌డీ కార్డ్ కావాల్సిందే. అలాగని షాప్‌లో ఉన్నవాటిలో పెద్దది, ఫాస్ట్‌ది చూసి కొనేయకండి.

ముందు యూనిట్ లిమిట్ ఎంతో మాన్యువల్‌లో చూడండి. గార్మిన్ జూమో ఎక్స్‌టీ 256 జీబీ వరకు తీసుకుంటుంది. ఎస్‌డీహెచ్‌సీ సపోర్ట్ మాత్రమే ఉన్న పాత యూనిట్లకు 32 జీబీయే గరిష్ఠం.

ఫార్మాట్ కూడా ముఖ్యమే. 64 జీబీ, ఆపై కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. గార్మిన్‌కి ఫ్యాట్32 కావాలి. మార్చకపోతే కార్డ్ డిటెక్ట్ కాకపోవచ్చు.

స్పీడ్ కోసం ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదు. వీ30 అంటే సెకనుకు కనీసం 30 ఎంబీ రైట్ స్పీడ్. అది 4కే వీడియోకి పనికొస్తుంది. మ్యాప్‌ని యూనిట్ చదువుకోవడమే కాబట్టి క్లాస్ 10 చాలు.

అసలు రిస్క్ నకిలీ కార్డులతోనే. పైన 128 జీబీ అని ఉంటుంది, లోపల 8 జీబీయే ఉండొచ్చు. మ్యాప్ కాపీ అయినట్టే కనిపిస్తుంది. తీరా సిగ్నల్ లేని ఘాట్ రోడ్డులో తెరిస్తే ఫైల్ పాడై ఉంటుంది. అందుకే కార్డ్ రాగానే, మ్యాప్ ఎక్కించకముందే, హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో మొత్తం నింపి చెక్ చేయండి. తేడా వస్తే రిటర్న్ గడువులోపే వెనక్కి పంపేయండి.