లారీ కింద కమాను కట్ట
లారీ వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని లోపలికి చూస్తే ఇరుసు మీద ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు కనిపిస్తాయి. పైది అన్నిటికన్నా పొడుగు, కిందికి పోయేకొద్దీ పొట్టి. టన్నుల కొద్దీ లోడు ఆగేది ఈ కమాను కట్ట మీదే.

ఇన్ని పట్టీలెందుకు, మందపాటి దిమ్మ ఒకటి వేస్తే సరిపోదా? సరిపోదు. పట్టీ మందం రెట్టింపయితే బిరుసు ఎనిమిది రెట్లవుతుంది. ఒకే పొడవున్న పది పట్టీలను జారేలా పేరిస్తే ఒక్క పట్టీకి పది రెట్ల బిరుసే వస్తుంది. అంతే మందాన ఒకే దిమ్మ చేస్తే మాత్రం వెయ్యి రెట్లు! అది లొంగదు, బలవంతంగా వంచితే పగులుతుంది. లావుపాటి పుస్తకం చేతిలో వంగుతుంది, అంతే మందం చెక్క వంగదు. కిటుకంతా పొరలు ఒకదాని మీద ఒకటి జారడంలో ఉంది.

పొడవుల్లో తేడాకూ లెక్కుంది. వంచే బలం ఇరుసు కూర్చున్న నడిమధ్యలో అత్యధికం, కొసల్లో దాదాపు సున్నా. అవసరమున్న చోటే ఉక్కు ఎక్కువ పడుతుందన్నమాట.

గుర్రపు బగ్గీల కాలం నుంచీ ఉన్న సరుకిది. 1804 ప్రాంతంలో లండన్ బగ్గీల తయారీదారు ఒబడయా ఇలియట్, బండి కింద పొడుగునా ఉండే బరువైన దూలాన్ని తీసేసి కమాన్లను నేరుగా ఇరుసులకు బిగించాడు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి, ముందొకటీ వెనకొకటీ అడ్డంగా వేసిన రెండే కమాన్లతో అమెరికా గతుకుల్లో తిరిగింది. తర్వాత చాలా కార్లు కాయిల్ స్ప్రింగులకు మారాయి.

లారీలు మారకపోవడానికి కారణం పాతమీద మమకారం కాదు. కాయిల్ బరువు మోస్తుంది, అంతే. ఇరుసు అటూ ఇటూ పోకుండా పట్టుకోవడానికి వేరే కడ్డీలు కావాలి. కమాను కట్ట ఆ పనీ తనే చేస్తుంది. దాని ఒక కొస ఛాసిస్‌కు పిన్నుతో బిగుస్తుంది. రెండో కొస షాకిల్ అనే ఊగే లంకెకు వేలాడుతుంది, లోడుకు కట్ట చదునైనప్పుడు కాస్త జరగాలి కదా! పట్టీల మధ్య రాపిడి ఊపును కొంత చంపుతుంది. లోడు మరీ పెరిగితే పైనున్న హెల్పర్ కట్ట తగులుకుంటుంది.

పట్టీల మధ్య రాపిడే దీనికి తెగులు కూడా. మధ్యలో మట్టి చేరుతుంది, తుప్పు పడుతుంది. అందుకే పట్టీ మందాన్నే కొసలవైపు పలచన చేసి, ఒకటి రెండు మూడింటితో సరిపెట్టే పారబోలిక్ కమాన్లు వచ్చాయి. తేలిక, మెత్తన. కానీ రాపిడి తగ్గింది కాబట్టి షాక్ అబ్జార్బర్ల మీద భారం పెరిగింది.

పగులు సాధారణంగా లోడుకు సాగే పైముఖాన మొదలవుతుంది. ఫ్యాక్టరీలో ఆ ముఖాన్ని చిన్న ఉక్కు గుళ్లతో వేగంగా కొడతారు. పైపొర అదుముకుపోయి, చీలిక అంత సులువుగా పుట్టదు. దెబ్బ ఎంత తీవ్రంగా పడిందో కొలిచే ఉక్కు ముక్కకు జనరల్ మోటార్స్ ఇంజనీరు జాన్ ఆల్మెన్ పేరే పెట్టారు.

విరిగిన పట్టీ తుక్కులోకే పోవాలని లేదు. కొలిమిలో కాల్చి, సాగగొట్టి, పదును పెడితే కత్తి, కొడవలి, గొడ్డలి ఏదైనా అవుతుంది. నేపాల్‌లో ఖుక్రీ కత్తులు చేసే కమ్మరులు పాత లారీ కమాన్లనే ఏరుకుంటారు.