పొయ్యి వెనుక గోడ - గాజు పలకలు అవసరమా?

ఇల్లు కట్టుకొనే వారు వాకిలి తలుపు చెక్కడాన్ని గురించి, కిటికీల కొలతలను గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. వంటగదిలో పొయ్యి వెనుక ఉండే రెండడుగుల ఎత్తు గోడ విషయం మాత్రం తాపీ మేస్త్రీ "ఇక్కడ ఏమి వేయమంటారు?" అని అడిగిన రోజుననే జ్ఞప్తికి వస్తుంది. వెంటనే నరసరావుపేటకు వెళ్ళి, దుకాణపు దీపాల వెలుగులో తళతళలాడే గాజు పలకలను చూచి ముచ్చటపడి, బయానా ఇచ్చి వస్తారు. ఆ పలకలు మంచివా, చెడ్డవా అని విచారించే ముందు అసలు ఆ గోడ చేయవలసిన పని ఏమిటో తెలుసుకోవడం న్యాయం.

పూర్వం పలనాటి ఇండ్లలో పొయ్యిలోనికి కట్టెలు, పత్తికట్టె. గోడకు పట్టేది నూనె కంటె మసియే ఎక్కువ. ఆ మసిని ఎవరూ పూనుకొని కడిగేవారు కారు. రంజాను పండుగకో, సంక్రాంతికో ఇల్లంతా సున్నం కొట్టేటప్పుడు ఆ గోడకు మరొక పూత ఎక్కువ వేసేవారు. అనగా అది తుడిచే గోడ కాదు, ఏటేటా క్రొత్తది చేసుకొనే గోడ. తరువాత గ్యాసు పొయ్యి వచ్చినది. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకం దానిని పల్లెలకు కూడ చేర్చినవి. మసి తగ్గినది, కాని తాలింపు తుంపరలు, వేపుడు నూనె, పసుపు మరకలు నిలిచినవి. సున్నపు గోడ నూనెను పీల్చుకొంటుంది. నూనె పీల్చిన చోట మరల సున్నం పట్టదు. పొయ్యి మారడంతో గోడ కూడ మారక తప్పలేదు.

మనకు రాతికి కరువు లేదు గదా, నాపరాయినే గోడకు తాపడం చేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల నాపరాళ్ళు మన ఇండ్ల నేలలకు ఎంతటి మన్నిక నిచ్చినవో అందరికీ తెలిసినదే. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు మలచినది కూడ ఈ పలనాటి సున్నపురాతి జాతిలోనిదే. అంతటి ఘనత గల రాయి అయినా చింతపండు పులుసు ముందు ఓడిపోతుంది! రసాయనశాస్త్రం చదివే మన విద్యార్థులకు కారణం వివరించ నక్కరలేదు. సున్నపురాయి కాల్షియం కార్బొనేటు. ఆమ్లం తగిలితే బొగ్గుపులుసు వాయువు వెలువడి, రాతి నునుపు చెడి, పాలిపోయిన మచ్చ మిగులుతుంది. నిమ్మరసం పడినా అంతే. మన వంటలో పులుపు లేని రోజు ఏది?

గాజుకు ఆ భయం లేదు. వంటింటి ఆమ్లాలేవీ దానిని తినలేవు. నూనె లోపలికి ఇంకదు. విచిత్రమేమనగా, ఆ గాజులో కూడ సున్నం ఉన్నది. ఇసుకను సోడాతోను, సున్నపురాతితోను కలిపి కరిగిస్తేనే మామూలు గాజు తయారవుతుంది. పిడుగురాళ్ళ బట్టీలలో కాలి సున్నమై గోడకెక్కే పదార్థమూ, గాజు పలకలోని ఒక భాగమూ ఒకే వంశానికి చెందినవి.

అయితే గాజు ముఖం కావాలంటే పలక యావత్తూ గాజే కానక్కరలేదు. మనం మామూలుగా వాడే మెరుగు పలకలు మట్టితో చేసి, పైన గాజు పూత పూసి కాల్చినవే. ఉర్దూలో ఈ పలకలకు 'కాశీ' అని పేరు. ఇది వారణాసి కాదు. ఇరాన్ దేశంలోని కాషాన్ నగరం పేరు మీద వచ్చిన మాట. హైదరాబాదులో 1594లో కట్టిన బాద్షాహీ ఆషూర్ఖానాలో, 1611 నాటికి పూర్తి అయిన ఈ పలకల పని నేటికీ కన్నుల పండువుగా ఉన్నది. కాని 1908 మూసీ వరదలో గోడల క్రింది భాగపు పలకలు దెబ్బతిన్నవి. ఆ జాగాను తరువాత రంగులు పూసి పూరించినారు. పలక ఎంత గట్టిదైనా, దానిని పట్టుకొన్న గోడ తడిసి వదలితే ఏమి చేయగలదు?

ఇక లెక్క చూతము. దుకాణంలో అందరినీ ఆకర్షించేవి అంగుళం చదరపు చిన్న గాజు బిళ్ళలు. వానిని ఒక చదరపుటడుగు మేర అతికిస్తే 144 బిళ్ళలు పడతాయి. నిలువు, అడ్డు అతుకుల పొడవు కలిపితే సుమారు 24 అడుగులు. పది అడుగుల వంటగట్టు వెనుక రెండడుగుల ఎత్తున వేస్తే గోడ 20 చదరపుటడుగులు, అతుకులు 480 అడుగులు! అదే గోడకు అడుగు చదరపు పలకలు వేస్తే అతుకులు 40 అడుగులే. పసుపు, నూనె పట్టేది గాజుకు కాదు, ఆ అతుకులలోని తెల్ల సిమెంటుకు. బిళ్ళలు మెరుస్తూనే ఉంటాయి, వాటి మధ్య గళ్ళు పచ్చబడుతూ ఉంటాయి. ఎపాక్సీతో అతుకులు నింపితే ఈ బాధ చాలవరకు తీరుతుంది గాని, ఖర్చు పెరుగుతుంది, పనితనం కూడ ఎక్కువ కావాలి.

పనితనం మాట వచ్చినది గనుక మరొక సంగతి. వెనుక రంగు పూత లేని గాజు పలక తన వెనుక ఉన్నదాన్ని దాచదు. బూడిదరంగు సిమెంటుతో అతికిస్తే పలక మసకబారి కనిపిస్తుంది. తాపీతో గీసిన గీతలు కూడ ముందుకు కనబడతాయి. తెల్లని జిగురు వాడి, గీతలు లేకుండ చదును చేసి అతికించాలి. గాజు తేమను పీల్చదు గనుక ఆ జిగురు ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకొని మేస్త్రీని తొందరపెట్టేవారు ఈ పలకల జోలికి పోకపోవడమే మేలు.

వేడి విషయం కూడ తలచుకోవాలి. ఒకే పెద్ద గాజు ఫలకాన్ని గోడంతటికీ బిగిస్తే అతుకుల బాధ లేదు. కాని మామూలు గాజులో పొయ్యికి దగ్గరి భాగానికీ, దూరపు భాగానికీ సుమారు 40 డిగ్రీల సెంటీగ్రేడు తేడా వస్తే చాలు, పగిలే ప్రమాదమున్నది. అందుచేత గట్టిపరచిన గాజునే తీసుకోవాలి. దానిని గట్టిపరచిన తరువాత కోయడానికి గాని, రంధ్రం చేయడానికి గాని వీలుపడదు. స్విచ్చిబోర్డు ఎక్కడ వస్తుందో ముందే కొలతలు ఇవ్వాలి. చిన్న బిళ్ళలకు ఈ ప్రమాదం తక్కువ.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు నీరు. సున్నపురాతి నేలలోని బోరునీరు కఠినజలం. ఆ చుక్కలు గాజుపై ఆరితే తెల్లని మచ్చలు మిగులుతాయి. అదీ కాల్షియం కార్బొనేటే. నిమ్మచెక్కతో రుద్దితే మచ్చ పోతుంది. కాని ఆ నిమ్మరసమే కారి అతుకులలోని సిమెంటును తింటుంది, క్రింద గట్టుకు నాపరాయి వేసి ఉంటే దానినీ పాడుచేస్తుంది. చీమకుర్తి గ్రానైటు గట్టయితే తట్టుకొంటుంది. కనుక ప్రతి పూటా పొడిగుడ్డతో తుడిచే ఓపిక ఉన్న ఇంటికే గాజు శోభనిస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, మన మధ్యతరగతి ఇండ్లకు అడుగు చదరపు మెరుగు పలకలే చాలును. అలంకారం మీద మనసుంటే పొయ్యికి దూరంగా ఒక వరుస గాజు బిళ్ళలు పెట్టుకోవచ్చు. అయితే ఈ నిర్ణయం సాధారణంగా డబ్బు చెల్లించే మగవారు చేస్తారు; ఆ గోడను మాత్రం ముప్పై ఏండ్లపాటు తుడిచేది మరొకరు. దుకాణానికి వారు వెళ్ళడం లేదు, వారి నెవరూ అడగడమూ లేదు. కొనే ముందు నాలుగు బిళ్ళలు తెచ్చి, ఒక సిమెంటు పలకకు అతికించి, అతుకులు నింపి, పొయ్యి ప్రక్కన నెలరోజులు నిలబెట్టండి. తాలింపు తుంపరలు పడనివ్వండి, బోరునీరు ఆరనివ్వండి. నెల తరువాత దానిని ఇంట్లో వంట చేసేవారి చేతికిచ్చి, వేస్తామా వద్దా అని వారినే అడగండి.