పుట్టమీది గొడుగులు

తొలకరి వానలు పడి నాలుగు ఉరుములు ఉరిమితే చాలు, చెదపుట్టల మీద తెల్లని గొడుగులు లేస్తాయి. ఉరిమితేనే అవి పుడతాయని పల్లెల్లో అంటారు. నిజానికి వాటిని లేపేది ఉరుము కాదు, వానతడి. మరి వాటిని పెంచేదెవరో తెలుసా? చెదపురుగులు!

ఎండుటాకులూ, పుల్లలూ చెదపురుగుకు సరిగా అరగవు. అందుచేత అది తన మలంతో నేలలోపల స్పంజిలాంటి అరలు కట్టి, వాటిమీద ఒక బూజును పెంచుతుంది. ఆ బూజు పుల్లలను మెత్తబరుస్తుంది. చెదలకు అదే ఆహారం. సుమారు 3 కోట్ల సంవత్సరాలుగా ఈ సేద్యం సాగుతున్నది! కోనిగ్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు దక్షిణదేశంలో చెదల గూళ్ళు తవ్వి చూసి, 1779లోనే ఈ బూజును గురించి రాశాడు. ఆయన 1785లో మన కాకినాడ దగ్గరనే కన్నుమూశాడు.

వానాకాలంలో ఈ బూజు నుంచే పుట్టగొడుగు మొలిచి, నేలను పొడుచుకుని పైకి వస్తుంది. అందుకే దాని నడినెత్తిన మొనదేలిన బొడిపె వుంటుంది. కాడ అడుగున వేరులాంటి పొడవాటి తోక చెదలగూటి దాకా పోతుంది. గొడుగు కింది రేకులు మొదట తెల్లగా వుండి, తరువాత లేత గులాబీరంగుకు తిరుగుతాయి.

ఇక దీన్ని పోలిన మోసగాడొకడున్నాడు. పచ్చికబయళ్ళలో మొలుస్తాడు. నెత్తిన గోధుమరంగు పొలుసులూ, కాడకు ఉంగరమూ వుంటాయి, తోక వుండదు. లేతప్పుడు వీడి రేకులూ తెల్లనే. తింటే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు!

వీణ్ణి పట్టే ఉపాయం వున్నది. గొడుగును తుంచి, రేకులు కిందికి వచ్చేట్టు తెల్లకాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించండి. తెల్లవారేసరికి పిండిలాంటి సిద్ధబీజాలు రాలి కాగితం మీద అచ్చు పడుతుంది. పుట్టగొడుగైతే లేత గులాబీరంగు, మోసగాడైతే ఆకుపచ్చ! తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

అయితే పచ్చరంగు రాకపోయినంత మాత్రాన తినవచ్చునని కాదు సుమా! కాడ మొదట గిన్నెలాంటి తొడుగు వుండే తెల్లని జాతులు కొన్ని మరీ భయంకరమైనవి. తిన్న తరువాత చాలా గంటల దాకా ఏమీ తెలియకపోవచ్చు. ఈలోగా విషం కాలేయాన్ని చెరుపుతుంది. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. వెండినాణెం నల్లబడితేనే విషమనీ, పురుగు తిన్నది మంచిదనీ చెప్పే మాటలు నమ్మకండి.

కనుక పిల్లలూ, చూడండి, బొమ్మ గీయండి, అచ్చు తీయండి. రుచి మాత్రం చూడకండి. బాగా ఎరిగిన పెద్దలు ఏరి తెచ్చినవే వండాలి. రవంత అనుమానం వున్నా పారవేయాలి. తిన్నవారికి ఒంట్లో బాగుండకపోతే, మిగిలిన ముక్కను కూడా తీసుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.