పసుపు పూసిన గడి

శుభలేఖ వచ్చిందంటే విప్పి చదవక్కరలేదు. మూలల పసుపు కనబడితే చాలు, "ఎవరింట్లోనో పెళ్ళి!" అని ఇల్లాలు వంటింటి గుమ్మంలోంచే చెప్పేస్తుంది. ఎవరి పెళ్ళి, ఏ వూళ్ళో, ఎన్నింటికి ముహూర్తం అన్నవి తరవాతి సంగతులు. అక్షరం చదవకముందే కంటికి కబురు అందించటం మన పెద్దలకు బాగా తెలిసిన విద్య. పచ్చటి మూలలున్న ఉత్తరం పదిమంది చేతులు మారేది. చావుకబురు తెచ్చిన కార్డును చదివిన వెంటనే చించి పారేసేవారు.

ఈ విద్యే ఇవాళ కంప్యూటరులోకి ఎక్కింది. ఎలా ఎక్కిందో నేను కళ్ళారా చూసింది నవీపేటలో.

నవీపేట అంటే శనివారం జరిగే మేకల సంత చాలామందికి గుర్తొస్తుంది. నిజామాబాదు నుంచి బాసర వెళ్ళే రైలు దారిలో ఉన్న ఊరు. మా చిన్నాన్నగారి అబ్బాయికి అక్కడ దుకాణం ఉంది. ఎరువులు, విత్తనాలు అమ్ముతాడు. పసుపు కాలంలో రైతుల సరుకును నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేర్పించి, అమ్మకం సొమ్ము వాళ్ళ బ్యాంకు ఖాతాల్లో వేయిస్తాడు. జూనులో నాటిన పసుపును జనవరి దాటాక తవ్వి, ఉడకబెట్టి, రెండు వారాలపాటు ఎండబెట్టి, మెరుగు పెట్టి, కొమ్ములూ మండలూ వేరుచేసి తేవాలి. అంటే రైతు తొమ్మిది పది నెలల కష్టం చివరకు ఒక ఖాతా సంఖ్య మీద ఆధారపడుతుందన్నమాట!

పూర్వం ఆ దుకాణంలో ఎర్రగుడ్డ అట్టల చిట్టా, ఆవర్జా ఉండేవి. ఇప్పుడు ఖాతాదారుల వివరాలన్నీ కంప్యూటరులో ఉన్నాయి. ఒక్కొక్క రైతుకు ఒక్కొక్క పేజీ. పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను, ఖాతా సంఖ్య, బ్యాంకు కోడు, బాకీ, ఇంకా ఏవేవో కలిసి ముప్ఫయి గళ్ళదాకా ఉంటాయి. అన్నీ ఒకే తెలుపు. నిండిన గడి, ఖాళీ గడి, సరిచూసిన గడి, ఎవరో హడావిడిలో కొట్టిపారేసిన గడి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.

దాని ఫలితం ఒక రైతు అనుభవించాడు. ఒకే ఊళ్ళో ఒకే పేరుగలవాళ్ళు ఇద్దరు. తండ్రి పేరు గడి ఇద్దరికీ ఖాళీయే. ఒకరి ఖాతా సంఖ్య రెండోవారి పేజీలో పడింది. బ్యాంకువాళ్ళు సంఖ్యను బట్టే జమకడతారు. సొమ్ము వెళ్ళి రెండో ఆయన ఖాతాలో కూర్చుంది. ఆ రెండో ఆయనేమో దుబాయిలో ఉన్నాడు. మంచివాడే, డబ్బు తిప్పి పంపాడు. కాని ఆయన్ని పట్టుకుని, పంపించుకునేసరికి మూడు వారాలు దాటింది. ఈలోగా అసలు రైతు కూతురి కాలేజీ ఫీజు గడువు వచ్చేసింది. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టాడు.

ఆ తరవాత మా తమ్ముడికి పౌరుషం వచ్చింది. కంప్యూటరు కుర్రవాణ్ణి పిలిపించి గళ్ళకు రంగులు వేయించాడు. పేరుకు నీలం, ఊరికి ఆకుపచ్చ, ఫోనుకు నారింజ, బాకీకి ఎరుపు. తెర సంక్రాంతి ముగ్గులా ఉంది! దుకాణంలో లెక్కలు చూసే అతని కోడలు నాతో అంది: "పెద్దమామా, అన్ని గళ్ళూ మెరుస్తుంటే ఇగ దేన్ని చూడాలె?"

ఆ అమ్మాయి అడిగినదాంట్లో శాస్త్రమంతా ఉంది. ఒకేలాంటి వస్తువుల మధ్య వేరుగా ఉన్న ఒక్కటీ బాగా గుర్తుంటుందని జర్మనీకి చెందిన హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ అనే ఆమె 1933లోనే పరిశోధించి చెప్పింది. అన్నీ వేరుగా ఉంటే ఏదీ వేరుగా ఉండదు. పెళ్ళిలో అందరూ పట్టుచీరలే కడతారు గనకనే పెళ్ళికూతురికి బాసికం కట్టవలసి వచ్చింది!

కోడలు రంగులన్నీ తీయించి రెండే ఉంచింది. తప్పనిసరిగా నింపవలసిన గడి పక్కన ఎర్ర చుక్క గుర్తు. పెద్ద కంపెనీల సాఫ్టువేరులోనూ ఇదే మర్యాద. మైక్రోసాఫ్టువారి డైనమిక్స్‌లో తప్పనిసరి గడికి ఎర్ర చుక్క, నింపితే మంచిదన్న గడికి నీలపు కూడిక గుర్తు పెట్టేవారు. రెండోది పసుపు. రైతుతో మాట్లాడి సరిచూడని ఖాతా సంఖ్యకు మాత్రమే పసుపు రంగు. సరిచూసి తేదీ వేయగానే రంగు దానంతట అదే పోతుంది. ఇందుకు వేలు పోసి సాఫ్టువేరు కొనక్కరలేదు. షరతును బట్టి గడి రంగు మారే ఏర్పాటు ఎక్సెల్‌లో 1997 నాటి కూర్పు నుంచీ ఉంది.

అంతటితో అయిపోలేదు. దుకాణంలో పాతకాలపు గుమాస్తా ఒకాయన ఉన్నారు. ఎరుపుకూ ఆకుపచ్చకూ ఆయనకు తేడా తెలియదు. పండిన మిరపకాయను పచ్చి మిరపకాయల్లోంచి ఏరమంటే తడుముకుంటారు. ఇది ఆయన ఒక్కరి సంగతి కాదు. ఇంగ్లండులో జాన్ డాల్టన్ తనకే ఉన్న ఈ లోపాన్ని గురించి 1794లో పండితుల సభకు వివరించాడు. ఇది తల్లివైపు నుంచి ఎక్స్ క్రోమోసోముతో వస్తుంది. అందుకే ఆడవాళ్ళకన్నా మగవాళ్ళలో చాలా ఎక్కువ. రంగు ఒక్కదానితోనే కబురు చెప్పకూడదని ప్రపంచ వెబ్ ప్రమాణాల సంస్థవారు నియమం పెట్టడానికి కారణం ఇదే. అక్షరానికీ వెనకనున్న రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని కూడా వారే చెప్పారు. తెల్లగడిలో పసుపు అక్షరాలు రాస్తే గుడ్డిదీపం కింద పంచాంగం చదివినట్టే. పసుపు గడిలో నల్ల అక్షరాలైతే ఎవరికైనా కనిపిస్తాయి.

అందుచేత కోడలు పసుపు గడి పక్కన "చూడాలి" అని ఒక్క మాట కూడా చేర్చింది. గుమాస్తాగారికి రంగుతో పని లేకుండా పోయింది.

ఇంకొక మెలిక ఉంది. రోజూ చూసే హెచ్చరికను కన్ను నాలుగు రోజుల్లో మరిచిపోతుంది. గోడమీద ఆగిపోయిన గడియారంలా అలవాటైపోతుంది. కనుక పసుపు గడి ఉన్న పేజీకి డబ్బు పంపకూడదని ఆ దుకాణంలో కట్టడి చేశారు. రైతుకు ఫోను చేసి, ఖాతా పుస్తకం చూసి అంకెలు ఆయన చేతే చదివించి, తండ్రి పేరు అడిగి, అప్పుడే తేదీ వేయాలి. బ్యాంకు కోడులో పదకొండు అక్షరాలుంటాయనీ, అయిదోది ఎప్పుడూ సున్నాయే అనీ కంప్యూటరే సరిచూడగలదు. కాని ఖాతా ఈ మనిషిదేనా అన్నది మనిషే అడిగి తెలుసుకోవాలి.

పసుపు జాతీయ బోర్డు 2025 జనవరిలో నిజామాబాదులోనే ప్రారంభమైంది. 2016లో మొదలైన జాతీయ ఎలక్ట్రానిక్ మార్కెట్ ద్వారా అక్కడి యార్డులో పసుపు అమ్మకాలు జరుగుతున్నాయి. ముందు ముందు ఇంకా ఎన్నో పేజీలు, ఎన్నో గళ్ళు వస్తాయి. వాటన్నిటి వెనకా ఒక రైతు, ఆయన ఇల్లు, పిల్లల ఫీజు ఉంటాయి.

మీ ఇంట్లో మందుల జాబితా ఉందా? పాలవాడి లెక్క, పిల్లల ఫీజుల తేదీలు రాసుకునే పుస్తకం ఉందా? ఈ ఆదివారం ఒకసారి తీసి చూడండి. అన్నిటికీ రంగులు వెయ్యకండి. తప్పితే ప్రాణానికో, పరువుకో, పైసకో చేటు వచ్చే ఒక్కదానికే కాస్త పసుపు పూయండి. సరిచూసిన రోజున చెరిపెయ్యండి!